బత్తాయి, చిరివేరు, ఒక నిమ్మచుక్క: పెడన అద్దకం వెనక కథ

ఈ వారం కథ పెడన కలంకారీ గురించి. కానీ బత్తాయి కాయ దగ్గర మొదలుపెడతాను, కాసేపు ఓపిక పట్టండి.

నిమ్మ, నారింజ, దబ్బ, మాదీఫలం... ఇవి మనకి చాలా పాత పరిచయాలు. బత్తాయి అలా కాదు, అది అసలు ఒక ఊరి పేరు. ఇండోనేషియాలో ఇప్పుడు జకార్తా అంటున్న నగరాన్ని డచ్చి వాళ్ళు 1619లో పట్టుకుని బటావియా అని పేరు పెట్టారు. తూర్పు దేశాల్లో వాళ్ళ వ్యాపారానికంతటికీ హెడ్డాఫీసు అదే. ఆ బటావియా పేరుతో వచ్చిన తియ్యని నారింజే మన నోట్లో బత్తావి, బత్తాయి అయ్యింది. పంపరపనస కూడా అంతే. పనసకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు కదా, మరి పనస ఎందుకు వచ్చింది? డచ్చి భాషలో ఆ కాయ పేరు పొంపెల్మూస్. తమిళులు దాన్ని పంబళిమాసు చేసుకున్నారు, మనం మనకి తెలిసిన పనసలో కలిపేసుకున్నాం.

ఇక పంపరపనస తొనల మీద తెల్లటి పొర ఉంటుంది, అది చేదు. ఆ చేదుకి ముఖ్య కారణమైన పదార్థాన్ని కెమిస్ట్రీలో నారింజిన్ అంటారు. ఆ పేరు సంస్కృతం నారంగం నుంచి వచ్చింది. అంటే కాయ పేరు మనం వాళ్ళ దగ్గర తీసుకున్నాం, కాయలో ఉన్న చేదు పేరు వాళ్ళు మన దగ్గర తీసుకున్నారు. లెక్క సరిపోయింది!

ఇంతకీ డచ్చి వాళ్ళకి మన తీరంలో ఏం పని? వాళ్ళ ఓడ మచిలీపట్నం రేవుకి 1605లో వచ్చింది, మరుసటి ఏడాదికల్లా కోఠీ పెట్టుకున్నారు. బందరులో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, చూసి రావచ్చు. వాళ్ళకి కావలసింది మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి దొరికేది ఇండోనేషియా దీవుల్లో. అక్కడి వాళ్ళు ఐరోపా సరుకు ఇస్తే మొహం తిప్పుకునేవాళ్ళు, కోరమాండల్ గుడ్డ ఇస్తే తీసుకునేవాళ్ళు. అందుకని డచ్చి వాళ్ళు ముందు మన దగ్గర గుడ్డ కొని, దాన్ని అక్కడ ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు కొనుక్కునేవాళ్ళు. ఆ గుడ్డలో ఎక్కువ భాగం రంగులద్దినది. రంగు ఎందుకు అంత ముఖ్యం అంటే, మన గుడ్డ ఉతికితే రంగు పోదు. ఆ రోజుల్లో ఐరోపాలో నూలుగుడ్డ మీద అలా ఉతుకుడుకి నిలిచే పూలు వేయడం ఎవరికీ చేతకాదు.

ఇంగ్లీషు వాళ్ళూ ఇదే దారిలో వచ్చారు. గ్లోబ్ అనే ఓడ 1611లో ఇప్పటి నిజాంపట్నానికి, అక్కడి నుంచి మచిలీపట్నానికి వచ్చింది. నిజాంపట్నాన్ని వాళ్ళు పెతపోలి అని రాసేవాళ్ళు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు నిమ్మకాయ. ఇన్ని నెలల సముద్ర ప్రయాణంలో నావికుల్ని తుఫాన్ల కంటే ఎక్కువగా చంపింది స్కర్వీ. చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, పాత గాయాలు మళ్ళీ తెరుచుకుంటాయి, చివరికి మనిషి పోతాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మొదటి ప్రయాణం 1601లో నాలుగు ఓడలతో బయల్దేరింది. నాయకుడు జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలో వాళ్ళకి పొద్దున్నే మూడేసి చెంచాల నిమ్మరసం ఇప్పించాడు. ఆ ఓడలో వాళ్ళు నిలబడ్డారు, మిగతా మూడు ఓడల్లో వాళ్ళు స్కర్వీతో కుప్పకూలారు. ఇంత స్పష్టంగా కనిపించినా అది రూలుగా మారలేదు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు 12 మంది రోగుల్ని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేసి, ఒక్కో జతకి ఒక్కో మందు ఇచ్చి చూశాడు. ఒక జతకి వెనిగర్, ఒక జతకి నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఒక జతకి సముద్రపు నీళ్ళు, ఇలాగ. రోజుకి రెండు నారింజలు, ఒక నిమ్మకాయ తిన్న జత వారంలోపే లేచి తిరిగింది. అయినా ఇంగ్లీషు నౌకాదళంలో నిమ్మరసం రూలుగా రావడానికి 1795 దాకా పట్టింది.

ఇందులో మనకి ఈరోజు కావలసిన ముక్క ఒకటుంది. లిండ్ కాలంలో చాలామంది పులుపే మందు అనుకున్నారు. వెనిగర్ పులుపే, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇంకా పులుపు. అవి పనిచేయలేదు. నిమ్మకాయలో పులుపు ఇచ్చేది సిట్రిక్ ఆమ్లం, స్కర్వీని ఆపేది సి విటమిన్. రెండూ ఒకే రసంలో ఉన్న రెండు వేరు వేరు పదార్థాలు. ఈ తేడా తెలియకపోవడం వల్ల 19వ శతాబ్దంలో ఇంగ్లీషు నౌకాదళం మధ్యధరా నిమ్మకాయల బదులు వెస్టిండీస్ చిన్న నిమ్మకాయలకి మారినప్పుడు స్కర్వీ మళ్ళీ తలెత్తింది. వాటి రసం బాగా పుల్లగా ఉంది, సి విటమిన్ మాత్రం తక్కువ ఉంది. కాబట్టి ఒక మొక్క ఏ పని చేస్తోందో చూడటం ఒకటి, అందులో ఏ పదార్థం ఆ పని చేస్తోందో తెలుసుకోవడం ఇంకొకటి. ఈ రెండో పని మొదలైనప్పుడే పెడనకి కష్టాలు మొదలయ్యాయి. ఎలాగో చెబుతాను.

పెడన మచిలీపట్నానికి పక్కనే ఉంటుంది. గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలు ఎక్కితే దారిలో తగులుతుంది. చేనేత మగ్గాలు, అద్దకం బల్లలు, అచ్చులు చెక్కేవాళ్ళు... మచిలీపట్నం కలంకారీ అని ప్రపంచమంతా పిలిచే పనిలో పెద్ద భాగం జరిగేది ఇక్కడే. పేరులో కలం ఉంది కానీ ఇక్కడ పని టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో.

ఈ పని కొత్తగా చూసినవాళ్ళు, అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద కొడతారు అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. అచ్చుతో కొట్టేది చాలావరకు రంగు కానే కాదు.

మొదట గుడ్డకి పట్టిన గంజి పోయేలా నానబెట్టి ఉతుకుతారు. పేడ నీళ్ళలో ఉంచి, ఎండలో ఆరేసి తెలుపు తెస్తారు. తర్వాత కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. ఆరిన తర్వాత గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. కరక్కాయ నోట్లో వేసుకుంటే నాలుక బిగుసుకుపోయినట్టు ఉంటుంది కదా, ఆ వగరు టానిన్ల వల్ల. టానిన్లు నోట్లో మాంసకృత్తుల్ని పట్టుకుంటాయి, ఇక్కడ నూలుపోగుని పట్టుకుంటాయి. శ్రీకాళహస్తిలో ఈ నీళ్ళలో గేదె పాలు కూడా కలుపుతారు, కలంతో గీసిన గీత పాకకుండా.

ఇప్పుడు నలుపు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. బెల్లం పులుస్తుంది, పులిస్తే ఆమ్లాలు పుడతాయి, ఆమ్లం ఇనుముని కరిగిస్తుంది. ఆ నీళ్ళు చూడటానికి మరీ నల్లగా ఉండవు. కానీ అచ్చుతో కరక్కాయ పట్టిన గుడ్డ మీద వేయగానే, ఇనుమూ టానినూ కలిసి అక్కడికక్కడ నలుపు పుడుతుంది. మీ ఇంట్లో ఇనప కత్తితో పచ్చి అరటికాయ తరిగితే కత్తీ ముక్కా నల్లబడతాయి చూడండి, అందులోనూ ఈ కలయిక ఉంది. పాతకాలం ఐరోపాలో రాజపత్రాలు రాసిన సిరా కూడా ఇదే కలయిక. అక్కడ కరక్కాయ బదులు ఓక్ చెట్టు మీద పుట్టే బుడిపెలు.

ఎరుపు ఇంకా తమాషాగా ఉంటుంది. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్ళని బంకతో చిక్కబరిచి అచ్చు వేస్తారు. పటికకి రంగు లేదు కాబట్టి వేసిన పువ్వు సరిగ్గా కనపడదు కూడా. కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, అప్పుడు పెద్ద రాగి బానల్లో ఎర్రరంగు ఇచ్చే వేళ్ళతో, చెక్కలతో కలిపి ఉడకబెడతారు. బాన మొత్తం ఒకటే రంగు నీళ్ళు. గుడ్డ మొత్తం అందులోనే మునుగుతుంది. అయినా ఎరుపు పటిక ఉన్నచోటే నిలుస్తుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. నేను పూర్వాశ్రమంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అని మీకు తెలుసు కదా. అక్కడ రెండు సిస్టమ్‌లు నేరుగా మాట్లాడుకోలేకపోతే మధ్యలో ఒక అడాప్టర్ రాస్తాం. పటికలోని అల్యూమినియం అదే పని చేస్తోంది. ఒక చేత్తో నూలుని, ఇంకో చేత్తో రంగుని పట్టుకుంటుంది. బీటెక్‌లో ఇంజినీరింగ్ కెమిస్ట్రీ నేను ఎలా పాసయ్యానో దేవుడికే తెలియాలి కానీ, ఆ బాన ముందు నిలబడ్డాక అల్యూమినియం గురించి ఎవరూ మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది.

ఆ వేరు పేరు చిరివేరు. ఇంగ్లీషు వర్తకులు చాయ్ అని రాశారు, తాగే చాయ్ కాదు. ఇసుక నేలల్లో నేలబారుగా పెరిగే చిన్న మొక్క, సన్నటి వేళ్ళు. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ తరఫున పనిచేసిన విలియం మెత్వోల్డ్ 17వ శతాబ్దం మొదట్లోనే దీని గురించి రాశాడు. ఆ రోజుల్లో మంచి చిరివేరుకి పేరుపడ్డ చోటు పెతపోలి, అంటే నిజాంపట్నం వైపు. కృష్ణ సముద్రంలో కలిసే చోట గవ్వలు, ఆల్చిప్పలు అరిగి కలిసిన ఇసుక. ఆ సున్నం వల్లే ఎరుపు అంత బాగా వచ్చేదని అంటారు. ఎరుపు రంగు అల్యూమినియంతో పాటు కాల్షియాన్ని కూడా కలుపుకుంటే గట్టిగా నిలుస్తుందని కెమిస్ట్రీ కూడా చెబుతుంది కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం. నీళ్ళు మారితే ఎరుపు మారుద్దని పెడనలో అద్దకం పనివాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ కాలవ నీళ్ళ కోసమే పని ఆ ఊళ్ళో నిలిచింది అనిపిస్తుంది నాకైతే.

సరే, ఇప్పుడు నిమ్మకాయని, ఈ గుడ్డని ఒకచోటికి తెద్దాం. వీడియోలో నేను చేసి చూపించినదే ఇక్కడ చెబుతున్నాను. ఇంట్లో మీరూ చేయొచ్చు. ఆయుర్వేదం కొట్లో కరక్కాయ పొడి తెచ్చి నీళ్ళలో నానబెట్టి, తెల్లటి నూలుగుడ్డ ముక్క ముంచి ఆరబెట్టాను. నాలుగు ఇనప మేకులు వెనిగర్‌లో వారం రోజులు ఉంచాను, బెల్లం ఊరబెట్టే ఓపిక లేక. ఆ నీళ్ళు ఒక చుక్క వేశాను. కళ్ళముందే నల్లమచ్చ. మర్నాడు దాకా ఆరనిచ్చి, సబ్బుతో ఉతికాను. పోలేదు. ఎండలో వేశాను. పోలేదు. అప్పుడు దాని మధ్యలో ఒక్క నిమ్మచుక్క వేశాను. మెల్లగా నలుపు గోధుమరంగుకి దిగింది, ఇంకో రెండు చుక్కలు వేసి కాసేపు వదిలేసి కడిగితే నల్లమచ్చ మధ్యలో లేత పసుపు గుండ్రంగా తేలింది. కరక్కాయ పసుపు అది. ఇనుము వెళ్ళిపోయింది.

కాసేపు ఆలోచించండి. ఇనుముని కరిగించి గుడ్డ మీదకి తెచ్చిందీ పులుపే, గుడ్డ మీద నుంచి తీసేసిందీ పులుపే. తేడా ఎక్కడ? వెనిగర్‌లో, పులిసిన బెల్లం నీళ్ళలో ఉండే అసిటిక్ ఆమ్లం ఇనుముని గట్టిగా పట్టుకోదు. టానిన్ కనపడగానే వదిలేస్తుంది, గుడ్డ ఆరేకొద్దీ తను గాలిలోకి పోతుంది. సిట్రిక్ ఆమ్లం అలా కాదు. దానికి ఇనుముని పట్టుకునే చేతులు ఎక్కువ. టానిన్ చేతిలోంచి ఇనుముని లాక్కుని నీళ్ళలోకి పట్టుకుపోతుంది. తెల్లచొక్కా మీద తుప్పు మరక పడితే నిమ్మకాయ, ఉప్పు రాసి ఎండలో పెట్టే ఇంటి వైద్యం వెనక ఉన్నది కూడా ఇదే. మరి కలంకారీ చీర కట్టుకుని నిమ్మకాయ పులిహోర తింటే? ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఈ నిమ్మచుక్క విద్యే ఇంగ్లండులో పెద్ద వ్యాపారం అయ్యింది. అయితే ముందు వాళ్ళు మన రహస్యం తెలుసుకోవాలి కదా. మన గుడ్డలు ఐరోపాని ముంచెత్తేసరికి అక్కడి నేతగాళ్ళు గొడవ చేశారు. ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది, 1759 దాకా తీయలేదు. ఇంగ్లండు 1701లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. నిషేధం ఉన్నన్నాళ్ళూ ఆ గుడ్డ మీద మోజు తగ్గలేదు, దాన్ని ఎలా చేస్తారో తెలుసుకోవాలన్న ఆరాటం పెరిగింది. పుదుచ్చేరి వైపు పనిచేసిన ఫ్రెంచి పాదిరీ కూర్దూ తెలుగు బాగా వచ్చినవాడు, తెలుగు నిఘంటువు కూడా తయారుచేశాడు. ఆయన రంగుల పనివాళ్ళని అడిగి తెలుసుకుని, కరక్కాయ, గేదె పాలు, పటిక, చిరివేరు, ఏది ముందు ఏది తర్వాత, అంతా వరసగా రాసి 1742 జనవరిలో ఫ్రాన్సుకి ఉత్తరం పంపాడు. అది అచ్చయింది. నా వరకు నాకు, ఇది చదివినప్పుడు కొంచెం కడుపు మండింది. ఆ పనివాళ్ళ పేర్లు మనకి తెలియవు, ఉత్తరం రాసినాయన పేరు మాత్రం మిగిలింది. అదే సమయంలో ఒప్పుకోవలసింది కూడా ఉంది: ఆయన రాయకపోతే అప్పటి పని ఏ వరసలో జరిగేదో ఇవాళ మనకి ఇంత వివరంగా తెలిసేది కాదు. మన వాళ్ళు చేతికి నేర్పారు, కాగితానికి నేర్పలేదు.

వాళ్ళు వరస తెలుసుకున్నారు, కానీ మనలాగా చేయలేదు. మన దగ్గర ఒక చోట రంగు పట్టకూడదంటే వేడి మైనం పూస్తారు. చాలా నెమ్మదైన పని. ఇంగ్లండు అద్దకం మిల్లుల్లో ఆ పనికి నిమ్మరసం వాడారు. చిక్కటి నిమ్మరసాన్ని బంకతో కలిపి పువ్వు అచ్చు వేస్తే, అక్కడ ఇనుము గానీ అల్యూమినియం గానీ నూలుని పట్టుకోలేదు. ఉడకబెట్టాక అక్కడ తెల్లటి పువ్వు. నా నల్లమచ్చ మధ్యలో తేలిన పసుపు చుక్కే ఇది, యంత్రం మీద గజాల లెక్కన. 1813లో జేమ్స్ థామ్సన్ అనే అద్దకందారు ఇంకో అడుగు వేసి పేటెంట్ తీసుకున్నాడు. ముదురు ఎరుపు వేసిన గుడ్డ మీద పళ్ళ నుంచి వచ్చే ఆమ్లం, ముఖ్యంగా ద్రాక్ష పులుపు టార్టారిక్ ఆమ్లం, అచ్చు వేసి, బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో ముంచితే ఆమ్లం ఉన్నచోట క్లోరిన్ పుట్టి రంగు తినేస్తుంది. నిమిషాల్లో తెల్లటి డిజైన్. పెడనలో వారాలు పట్టే పని.

ఈ మిల్లుల కోసం నిమ్మరసం పీపాల్లో సిసిలీ దీవి నుంచి వచ్చేది. స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1784లోనే నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని పలుకులుగా విడదీశాడు. చేసింది పెద్ద మాయేం కాదు: రసంలో సున్నం వేస్తే కాల్షియం సిట్రేట్ అడుగున దిగుతుంది, దాని మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సిట్రిక్ ఆమ్లం బయటపడుతుంది. సిసిలీ వాళ్ళు తర్వాత్తర్వాత రసం బదులు ఆ కాల్షియం సిట్రేట్‌నే ఎగుమతి చేసి బాగా సంపాదించారు.

ఇప్పుడు ఇందాక చెబుతానన్న కష్టాల దగ్గరికి వద్దాం. చిరివేరులో ఎరుపు ఇచ్చే ముఖ్య పదార్థం అలిజారిన్. ఐరోపాలో మంజిష్ఠకి చుట్టమైన మాడర్ మొక్కలోనూ అదే. జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అనే ఇద్దరు 1868లో దాన్ని బొగ్గుతారు నుంచి వచ్చే ఆంత్రసీన్‌తో ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏడాది జూన్‌లో జర్మన్లు ఇంగ్లండులో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టిన మర్నాడే విలియం పెర్కిన్ కూడా తన పద్ధతికి దరఖాస్తు పెట్టాడు. ఒక్క రోజు తేడా! పదేళ్ళు తిరక్కుండా దక్షిణ ఫ్రాన్సులో మాడర్ పొలాలు మూలపడ్డాయి. డబ్బాల్లో వచ్చే అలిజారిన్ మన దేశానికీ చేరింది, చిరివేరు తవ్వే పని కూలి కూడా రానిదైపోయింది. అప్పటికే బందరు దెబ్బతిని ఉంది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో 30,000 మంది దాకా చనిపోయారు. రేవు ప్రాభవం ఎప్పుడో మద్రాసుకి పోయింది. ఇటు మాంచెస్టర్ గుడ్డ, అటు జర్మనీ రంగు. 1897లో కృత్రిమ నీలిమందు కూడా బజారుకి వచ్చింది.

సిసిలీకి కూడా ఇదే గతి పట్టింది. 1917లో అమెరికాలో జేమ్స్ కరీ అనే శాస్త్రవేత్త, రొట్టె మీద, ఉల్లిపాయ మీద కనిపించే నల్లబూజు లాంటి ఒక బూజుకి చక్కెర నీళ్ళు పెడితే అది సిట్రిక్ ఆమ్లం ధారాళంగా చేస్తుందని చూపించాడు. 1919 నుంచి ఫైజర్ కంపెనీ అలాగే తయారు చేయడం మొదలుపెట్టింది. సిసిలీ సిట్రేట్ వ్యాపారం పడిపోయింది. ఇవాళ మనం కొట్లో కొనే నిమ్మ ఉప్పు, కూల్‌డ్రింకుల్లో పులుపు, జామ్‌లో పులుపు, వీటిలో దాదాపు ఏదీ నిమ్మకాయ మొహం చూసి ఉండదు. అంతా బూజు చలవే. ఆరోగ్యానికి దాని వల్ల నష్టమేమీ లేదు, అణువు ఒక్కటే. నష్టపోయింది ఆ చెట్ల మీద బతికిన జనం.

నిజాంపట్నం ఇసుకలో చిరివేరు తవ్వినవాళ్ళకీ, సిసిలీలో నిమ్మకాయలు పిండినవాళ్ళకీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. ఇద్దరి దగ్గరా కొన్నది ఒక పదార్థాన్ని. ఆ పదార్థం ఇంకోచోట చవకగా దొరగ్గానే కొనేవాడు వెళ్ళిపోయాడు. అయితే పెడన ఎందుకు మిగిలింది? నాకు తోచిన సమాధానం, పెడన అమ్మింది పదార్థాన్ని కాదు. కరక్కాయ ఎంతసేపు, పటిక ఎంత చిక్కగా, బాన కింద మంట ఎంత, అచ్చు మీద చెయ్యి ఎంత బరువు, కాలవ నీళ్ళలో ఎన్నిసార్లు జాడించాలి, ఇదంతా కలిపి అమ్మింది. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ లాంటి వాళ్ళు హస్తకళల బోర్డు తరఫున కలంకారీని మళ్ళీ నిలబెట్టడానికి పూనుకున్నప్పుడు, వెతికితే దొరికింది ఆ చేతుల పనే.

ఇక్కడ కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఇవాళ పెడనలో చాలా చోట్ల ఎరుపుకి వాడేది చిరివేరు కాదు, డబ్బాలో వచ్చే అలిజారినే. దాన్ని చూసి ఇది మోసం అనే వాళ్ళున్నారు. నేను అలా అనను. పటికతో కలిసే అణువు అదే, కరక్కాయ అదే, ఇనుము నలుపు అదే, బాన అదే. వేరులో అలిజారిన్‌తో పాటు దాని తోబుట్టువులు ఇంకా ఉంటాయి కాబట్టి వేరు ఎరుపులో ఒక లోతు ఉంటుంది, అది నిజం. కావాలంటే అలాంటి గుడ్డ అడిగి, దానికి తగ్గ ధర ఇచ్చి కొనుక్కోవాలి. వేరు ధర మనం ఇవ్వకుండా, వేరు వాడలేదని పనివాణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు.

నన్ను భయపెడుతున్నది వేరే ఉంది. పెడన అచ్చుల డిజైన్లే తీసుకుని, స్క్రీన్ మీదో మిషన్ మీదో పిగ్మెంట్ రంగుతో కొట్టి, కలంకారీ అని అమ్ముతున్నారు. ఒక పూటలో వందల గజాలు. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు ఉంది కానీ, చీర కొనేవాళ్ళలో ఎంతమంది ఆ గుర్తు చూసి కొంటారు? చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధర మూడో వంతు ఉంటుంది. ఇక వారాల పని చేసినవాడికి వారాల కూలి ఎక్కణ్ణుంచి వస్తుంది? అచ్చు చెక్కేవాళ్ళ పిల్లలు ఆ పని నేర్చుకోకపోతే తప్పు ఎవరిది? ఈసారి పోయింది రంగు కాదు, ఆ పేరే పోతోంది. పేరు పోతే, ఇందాక నేను చెప్పిన ఆ చేతుల పని కూడా కొనేవాడికి కనపడకుండా పోతుంది.

గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్ళు చెబుతాను. అచ్చు పనిలో ఒక అచ్చు ఆగి ఇంకో అచ్చు మొదలైన చోట చిన్న అతుకు తేడా ఉంటుంది, మిషన్ పనిలో ఉండదు. ఇనుము నలుపు గుడ్డలోకి దిగి ఉంటుంది, పిగ్మెంట్ పైన పొరలా కూర్చుంటుంది, వేలితో తడిమితే కొంచెం గట్టిగా తగులుతుంది. మూడోది నిమ్మచుక్క. ఇనుము, కరక్కాయ నలుపయితే వెలిసిపోతుంది, పిగ్మెంట్ నలుపయితే చలించదు. దయచేసి కొట్లో చీర మీద ఈ పరీక్ష చేయకండి! మీరు కొన్న గుడ్డ లోపలి అంచులో ఒక మూల, మీ ఇష్టం. అసలైనదయితే అక్కడ చిన్న పాలిపోయిన చుక్క మిగులుతుంది. ఇంకో సంగతి, నిమ్మచుక్క నలుపు ఏ నలుపో చెబుతుంది గానీ, అచ్చు చేత్తో కొట్టారా లేదా అనేది చెప్పదు. దానికి కళ్ళే వాడాలి.

ఇక పులిహోర. నిమ్మరసం పడ్డా, దబ్బకాయ ఊరగాయ నూనె కారినా, ఆరనివ్వకుండా వెంటనే చల్లటి నీళ్ళు ధారాళంగా పోసి కడిగేయండి. సిట్రిక్ ఆమ్లానికి టైమివ్వకూడదు. ఎరుపు మీద పడితే అది కాస్త నారింజ రంగు వైపు జరగొచ్చు, ఎందుకంటే అలిజారిన్ పులుపులో పసుపుగా, క్షారంలో ఊదాగా మారే రకం. అందుకే మరక పోవాలని సోడా ఎక్కువున్న బట్టల సబ్బు వేసి రుద్దితే ఇంకో వైపుకి పాడవుతుంది. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, నీడలో ఆరేయండి.

నీలిమందు గురించి ఈరోజు ఒక్క వాక్యంతో సరిపెట్టాను. దానికి పటికా అక్కర్లేదు, ఇనుమూ అక్కర్లేదు, అసలు నీళ్ళలోనే కరగదు. మరి గుడ్డలోకి ఎలా దూరుతుంది అనేది వచ్చే వారం. ఉంటానండి.